జీపు విడిపించిన రోజు

ఫల్గుణ జీపుని పోలీసులకి పట్టించింది అతని పెళ్ళాం హేమలతే. ఆ సంగతి ఆమెకి తప్ప తుమ్మిపుట్టులో ఇంకెవరికీ తెలీదు.

అది అరకు సంత రోజు. పొద్దున్న ఊరి జనాన్ని సంతలో దింపాక, మధ్యాహ్నం వైజాగ్ నుంచి వచ్చిన టూరిస్టులెవరో దొరికితే ఫల్గుణ వాళ్ళని జలపాతం దాకా తిప్పి తీసుకొచ్చాడు. పోతూ పోతూ వాళ్ళు తాగగా మిగిలిన బ్రాందీ సీసా అతని చేతిలో పెట్టారు. అంతకు ముందే సంతలో జీలుగు కల్లు పడింది. సాయంత్రం జీపు దగ్గరికి వచ్చేసరికి మనిషి నిలబడ్డాడు గానీ, తాళం చెవి పెట్టాల్సిన చోట పెట్టలేక వెతుక్కుంటున్నాడు.

హేమలత అల్లం అమ్ముకోవడానికి ఆ రోజు తనూ సంతకొచ్చింది. మొగుణ్ణి పక్కకి పిలిచింది.

"మావా, ఈయేళ నువ్వు తోలొద్దు. గాసన్నయ్య బండి ఎనకాల వత్తంది. అందులో ఎల్దాం."

ఫల్గుణ నవ్వాడు. "ఈ రోడ్డు నాను కళ్ళు మూసుకుని తోల్తాను."

"అదే నా బయం."

అతను ఆ మాట వినిపించుకోలేదు. ఆమె జీపులో కూర్చున్నవాళ్ళకి చెప్పి చూసింది. అప్పటికే మూటలు పైకెక్కించి తాళ్ళతో కట్టేసుకున్నారు. మళ్ళీ విప్పుకుని దిగడానికి ఎవరికీ బుద్ధి పుట్టలేదు. "తాగకుండా ఎప్పుడు తోలినాడులే," అంది ఒకామె. పోయిన వానల్లో ఇలాగే తోలి జీపుని కాలవలోకి దింపినప్పుడు రాజులమ్మ చెయ్యి విరిగింది. కొండ పక్కకి దిగింది కాబట్టి చేతితో పోయింది. లోయ పక్కకి దిగుంటే చెప్పుకోడానికి ఎవరూ మిగిలేవారు కాదు. ఆ రాజులమ్మ కూడా ఎండు చేపల బుట్ట సీటు కింద తోసి కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది.

హేమలత దుప్పట్ల కొట్టు వెనక్కి వెళ్ళి వందకి ఫోన్ చేసింది. డ్రైవరు తాగి ఉన్నాడని, జీపు నిండా జనం ఉన్నారని, హుకుంపేట రోడ్డెక్కుతోందని చెప్పి బండి నంబరు చెప్పింది. నీ పేరేంటమ్మా అని అవతల అడుగుతుంటే కట్ చేసింది. తిరిగొచ్చి జీపెక్కి అందరితోపాటు కూర్చుంది. పదిమందిని అందులో వదిలేసి తనొక్కతే వెనకుండిపోవడం ఆమెకి చేతకాలేదు.

ఊరు దాటకుండానే పోలీసులు ఆపారు. మిషన్‌లో ఊదించారు. ఫల్గుణని, జీపునీ స్టేషన్‌కి పట్టుకుపోయారు. జనం రోడ్డు మీద మిగిలారు. కాసేపటికి గాసి జీపు వచ్చింది. ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ ఎక్కించుకున్నాడు. చోటు చాలనివాళ్ళు నడిచి కొంతదూరం పోయి బస్సు పట్టుకున్నారు.

తుమ్మిపుట్టుకి ఉన్నవి రెండే జీపులు, ఒకటి ఫల్గుణది, రెండోది గాసిది. వరసకి ఇద్దరూ బావాబావమరుదులు. ఒకప్పుడు ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. గాసి జీపు కొన్నాక మాత్రం పాసింజర్ల దగ్గర మాటా మాటా వచ్చి, ఎడం పెరిగింది. అందుకని మర్నాటికల్లా ఊరంతా ఒకటే మాట: పట్టించింది గాసి. లేకపోతే సరిగ్గా వెనకాలే ఎలా వచ్చాడు?

స్టేషన్ బెయిలు మీద ఇంటికొచ్చిన ఫల్గుణ అదే అన్నాడు. "కులపెద్దల ముందు ఆడికి తప్పు పెట్టించకపోతే నా పేరు ఫల్గుణ కాదు." ఊళ్ళో తప్పు పెట్టించడమంటే పెద్దల ముందు నేరం ఒప్పించి జరిమానా కట్టించడం. అది కట్టినవాడు మళ్ళీ తలెత్తుకోడానికి చాలాకాలం పడుతుంది.

హేమలత ఆ మాట విని పొయ్యిలో పుల్ల ఎగదోసింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి ఊరుకుంది. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడూ చెప్పలేదు.

ఈలోగా గాసి బండి ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఎవరో ముందు లైటు పగలగొట్టారు. ఒకరోజు కుళాయి దగ్గర గాసి పెళ్ళాం కనక బిందె పట్టుకుని నిలబడితే, ముందు నిలబడ్డవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమ వాళ్ళని పిలుచుకుంటూ ఆమెని వెనక్కి నెట్టేశారు. కనక బిందె కింద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుని, అలాగే నిలబడింది. హేమలత తన వంతు ఆమెకిచ్చింది. కనక ఆమె వైపు చూడకుండానే నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది. తనని చూసి జాలిపడుతున్న శత్రువు పెళ్ళాం అనుకుని ఉంటుంది.

సోమవారం కోర్టులో జరిమానా వేశారు. కొన్నాళ్ళపాటు బండి తోలకూడదని లైసెన్సు ఆపేశారు. జీపు విడిచిపెట్టమని కాగితమైతే ఇచ్చారు గానీ, ఓనరు స్వయంగా రావాలి, లైసెన్సున్న డ్రైవర్ని వెంట తెచ్చుకోవాలి అన్నారు. జీపు హేమలత పేరునే ఉంది. డ్వాక్రా లోను ఆమెదే కాబట్టి బండీ ఆమె పేరునే రాయించారు. ఫల్గుణ కోర్టు నుంచి ఊరికి రాకుండా అరకులో తన అక్క ఇంట్లో ఉండిపోయి ఫోన్ చేశాడు.

"హుకుంపేటలో ఎవుడో ఒక డ్రైవర్ని మాట్లాడుకుని బేగి రా. టేసన్ కాడ ఉంటాను."

హేమలత హుకుంపేట వెళ్ళలేదు. గాసి ఇంటికి వెళ్ళింది. అతను వాకిట్లో కూర్చుని కొత్త లైటు బిగిస్తున్నాడు. ఆమెని చూసి లేవలేదు.

"అన్నయ్యా, జీపు తేవాల. డ్రైవరుగా నువ్వు రావాల."

"నన్నేటి పిలుత్తన్నావు? పట్టించినోణ్ణి నానే కదా."

"నువ్వు కాదు. నాను."

గాసి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. లోపల్నించి కనక గుమ్మంలోకి వచ్చింది.

"ఫోన్ సేసింది నానే," అంది హేమలత. "సెప్తే ఇనలేదు. జనం దిగమంటే దిగలేదు. ఏటి సెయ్యాలో తెలక సేసీసినాను."

"సేసినావు సరే," అన్నాడు గాసి. "ఇన్నాళ్ళూ ఎందుకు నోరిప్పలేదు? నా బండి లైటు పగిలినప్పుడు ఏటి సేత్తన్నావు?"

"బయమేసింది."

"నా పెళ్ళాం నీళ్ళ కాడ ఏడిసింది, తెల్సా?"

హేమలత తల దించుకుంది. కనకే కలగజేసుకుంది. "ఎల్లు," అంది మొగుడితో. "ఎల్లి ఆ బండి తెచ్చీ. ఇదంతా అక్కడితో తెగిపోవాల."

గాసి లేచి చొక్కా వేసుకున్నాడు. "వత్తాను. గాని ఆడి ముందు నువ్వే సెప్పాల. నాను సెప్పను, సెప్పినా నమ్మడు."

ఇద్దరూ బస్సులో అరకు వెళ్ళారు. దారి పొడుగునా గాసి కిటికీలోంచి బయటికే చూశాడు. వలిసె పూల చేల దగ్గర టూరిస్టులు దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళ కార్ల వల్ల బస్సు ఆగి ఆగి వెళ్ళింది. మొగుడికి ఎలా చెప్పాలో హేమలత రకరకాలుగా మనసులో అనుకుని చూసుకుంది. ఒక్కటీ బాగాలేదు.

స్టేషన్ ముందు టీ కొట్టు దగ్గర ఫల్గుణ నిలబడి ఉన్నాడు. గెడ్డం మాసి ఉంది. హేమలత వెనకాల గాసిని చూడగానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఈడెందుకు వచ్చినాడు?"

"నాను తీసుకొచ్చినాను. ముందు లోపలికి పద."

ఎస్సై ఎక్కడికో క్యాంపుకి వెళ్ళాడు. హెడ్ కానిస్టేబుల్ లక్ష్మీప్రసాద్ ఉన్నాడు. సాలూరు మనిషి, లావుపాటి కళ్ళద్దాలు. జీపు పేరు చెప్పగానే కుర్చీలోంచి లేచాడు.

"మీదేనా తల్లీ ఆ బండి? సంతకాలు తర్వాత. ముందు అందులో ఉన్నదేదో బయట పారేయండి. కిటికీ తెరిస్తే అన్నం తినలేకపోతున్నాం."

రాజులమ్మ ఎండు చేపలు. బుట్ట సీటు కింద అలాగే ఉండిపోయింది. పైకప్పు మీద మూటల్ని ఎవరివి వాళ్ళు ఆరోజే దించుకుపోయారు గానీ, ఆ కంగారులో బుట్ట ఆవిడకి గుర్తు రాలేదు. మధ్యలో వాన కురిసి, లీకయ్యే చోట నీళ్ళు దిగి, చేపలు బూజుపట్టాయి. హేమలత ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని బుట్ట తీసుకెళ్ళి దూరంగా పారేసి వచ్చింది. ఎవరూ నవ్వలేదు గానీ, లక్ష్మీప్రసాద్ మొహం తేటపడింది.

ఆమె బండి కాగితాలు చూపించి, చెప్పిన చోటల్లా సంతకం పెట్టింది. డ్రైవరు లైసెన్సు ఏదీ అని ఆయన అడిగితే గాసి జేబులోంచి తీసి ఇచ్చాడు. అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ ఫల్గుణ ముందుకొచ్చాడు.

"ఈడి సేతికి నా బండి ఇవ్వొద్దు సార్."

"ఏం? లైసెన్సు సరిగ్గానే ఉందిగా."

"పట్టించినోడే తోలుకెళ్తాడా? బండి ఇక్కడే కుళ్ళిపోయినా పరవాలేదు నాకు."

గాసి హేమలత వైపు చూశాడు.

"మావా, ఆ అన్నయ్య కాదు," అంది హేమలత. "ఆరోజు ఫోన్ సేసింది నాను."

ఫల్గుణ అర్థం కానట్టే నిలబడ్డాడు. తర్వాత హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగాడు, ఈ మాట అబద్ధమని ఆయన చెబుతాడేమోనన్నట్టు.

"ఎవరు చేశారో మేం చెప్పం," అన్నాడు లక్ష్మీప్రసాద్. "చేసింది ఆడమనిషని మాత్రం స్టేషన్‌లో అందరికీ తెలుసు. మీ ఇంటి గొడవ బయటికెళ్ళి మాట్లాడుకోండి నాయనా."

బయటికొచ్చారు. ఫల్గుణ ఆమెని తిడతాడని గాసి అనుకున్నాడు, కొడతాడని హేమలత అనుకుంది. అతను రెండూ చెయ్యలేదు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు చూసుకుని, దూరంగా సిల్వర్ ఓక్ చెట్టు కిందికి పోయి వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

గాసి ఎక్కి తాళం తిప్పాడు. టిక్కుమంది తప్ప ఇంజను పలకలేదు. ఎవరో లైటు ఆర్పకుండా వదిలేస్తే బ్యాటరీ దిగిపోయింది.

"తొయ్యాల," అన్నాడు గాసి.

హేమలత చెంగు బిగించి వెనక్కి వెళ్ళింది. ఒక కానిస్టేబుల్ వచ్చి చెయ్యేశాడు. గేటు వైపు కాస్త ఎత్తు. జీపు కొంచెం కదిలి, వెనక్కి జారి, మొదటి చోటికే వచ్చింది. మళ్ళీ తోశారు. ఆమె చెప్పులు మట్టిలో జారుతున్నాయి. మూడో చెయ్యి పక్కన పడ్డం ఆమె చూసింది. ఫల్గుణ భుజం ఆనించి తోస్తున్నాడు. ఆమె వైపు చూడటం లేదు. జీపు గేటు దాటి పల్లానికి దిగింది. గాసి క్లచ్ వదిలాడు. ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది.

బండి ఆపితే మళ్ళీ ఆగిపోతుందేమోనని గాసి యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుని అరిచాడు. "ఎక్కండి బేగి."

హేమలత ఎక్కింది. ఫల్గుణ చేతులు ప్యాంటుకి తుడుచుకుని బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆమె పిలిచింది. అతను వెనక్కి చూడలేదు.

ఊళ్ళో జీపు ఆగగానే జనం చేరారు. స్టీరింగు దగ్గర గాసిని చూసి ముక్కున వేలేసుకున్నారు. హేమలత దిగి, దాచకుండా చెప్పేసింది. పెళ్ళామే మొగుణ్ణి పోలీసులకిచ్చిందని మగవాళ్ళు గట్టిగానే తిట్టారు. ఆమె అత్త ఏడ్చింది. రాజులమ్మ తన చేపలేవని అడిగింది, పారేశానంటే ఇంకాసేపు తిట్టింది. అందరూ వెళ్ళాక ఆవిడే మళ్ళీ వచ్చి, విరిగి అతుక్కున్న చెయ్యి రుద్దుకుంటూ అరుగు మీద కాసేపు కూర్చుంది.

ఫల్గుణ రెండు రోజులకి గానీ ఇంటికి రాలేదు. వచ్చి పెట్టింది తిన్నాడు, పొలానికి వెళ్ళాడు. ఆమెతో మాట లేదు. ఆ ఆదివారం పెద్దలు కూర్చున్నారు. గాసి మీద లేనిపోని నింద వేసినందుకు ఫల్గుణకే తప్పు పెట్టారు. ఒక కోడి, నలుగురికి భోజనం. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నందుకు హేమలతని కూడా మందలించారు. కోడిని కోసి కనక వండింది. ఫల్గుణ, గాసి ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మాటలు పెద్దగా లేవు గానీ కూర బాగుందని ఫల్గుణ అన్నాడు.

లైసెన్సు తిరిగొచ్చే దాకా జీపు తోలడానికి గాసే తన తమ్ముడి వరసవాడు తరుణ్‌ని కుదిర్చాడు. మొదటి సంత రోజున ఫల్గుణ ఎక్కడ కూర్చోవాలో తెలీక జీపు చుట్టూ తిరిగాడు. చివరికి పైకెక్కి మూటలు సర్దాడు. తర్వాత అదే అతని పనైపోయింది. ఎవరి మూట ఎక్కడుందో దిగే ముందే చెప్పేవాడు.

కాఫీ కోతల రోజుల్లో మొగుడూ పెళ్ళాం తోటలో పళ్ళు కోస్తున్నారు. ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడుస్తున్నాయి అప్పటికి. ఫల్గుణ ఉన్నట్టుండి అడిగాడు.

"ఆరోజు ముందు నాతో సెప్పొచ్చు కదా."

"సెప్పినాను."

"ఏటన్నాను?"

"నవ్వినావు."

అతను కొమ్మ వంచి పట్టుకుని ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఆ సాయంత్రం అతనికి తాళం చెవి, రోడ్డు మీద పోలీసుల టార్చి తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. ఆమె నిలబడి మాట్లాడినట్టే జ్ఞాపకం లేదు. అది అతన్ని అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది.

"ఇంకేటి సెప్పినావు?" అని అడిగాడు.

హేమలత ఆ రోజు జరిగిందంతా మొదట్నించీ చెప్పింది. టూరిస్టులు, సీసా, తాళం చెవి పెట్టలేకపోవడం, జీపులో ఎవరెవరు కూర్చున్నారో ఒక్కొక్కరి పేరూ. అతను కోయడం ఆపి, బుట్ట పక్కన కూర్చుని విన్నాడు. ఆమె ముగించాక లేచి, ఆమె చేతిలోంచి నిండిన బుట్ట తీసుకుని, గోనెలో పోసి రావడానికి కిందికి దిగాడు.