ఐదుకి ఐదు

కాలేజీని చూపించడానికి పెట్టిన నిరుటి ఓపెన్ హౌస్‌కి పిల్లల కుటుంబాలు వేసిన మార్కులను కళాశాల అధ్యక్షుడు డాక్టర్ ఎవరిస్తో మీటింగులో పైకి చదివారు. సగటున ఐదుకి నాలుగు పాయింట్ ఎనిమిది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇంతకన్నా బాగా ఎవరు చేస్తారు చెప్పండి? ఈ ఏడూ ఇలాగే కానిద్దాం. అరసేలీ, పాత కార్యక్రమంలో తేదీ మార్చి అచ్చుకిచ్చెయ్యమ్మా" అన్నారు.

అరసేలీ దాగ్సా చప్పట్లు కొట్టలేదు. బలింతావ్ మత్స్య కళాశాలలో ప్రవేశాల విభాగం ఆమెది. ఫిలిప్పీన్స్‌లో సమార్ తీరం మీది ఆ చిన్న కాలేజీకి చుట్టుపక్కల దీవుల నుంచే పిల్లలు రావాలి. వచ్చే పిల్లలు ఏటికేడాది తగ్గిపోతున్నారు. రెండు తరగతి గదులకి అప్పుడే తాళాలు పడ్డాయి.

"సర్, నిరుడు మూడొందల పద్దెనిమిది మంది వచ్చారు. చేరింది పదకొండు మంది."

"అయితే?"

"అంత నచ్చితే మళ్ళీ ఎందుకు రాలేదా అని."

"నచ్చింది మన కాలేజీ కాదేమో, మధ్యాహ్నం పెట్టిన కోడికూరేమో" అన్నాడు ఇంజిన్ల వర్క్‌షాపు చూసే నెస్తోర్. నలుగురూ నవ్వారు. కళాశాల అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు.

"తెలుసుకోవాలని అంత ఉంటే వెళ్ళి అడుగు. నీ శనివారాల్లో వెళ్ళు. ఆఫీసు పని ఆగకూడదు" అన్నారు.

ఆయన విసుగుతో అన్న ఆ మాటనే అరసేలీ అనుమతి కింద తీసుకుంది. ఆ శనివారమే మోటారు పడవెక్కి లిబుతాన్ దీవికి వెళ్ళింది. నిరుటి పేర్ల జాబితాలో ఆ దీవివాళ్ళవి పధ్నాలుగు ఇళ్ళున్నాయి. మొదటి ఇంటి ముందు ఒకావిడ వెదురు తడికల మీద చేపలు ఎండేస్తోంది. పేరు ఇసియాంగ్. ఆమె పక్కనే పద్దెనిమిదేళ్ళ కూతురు జోవెలిన్ కూర్చుని చేపల పొట్టలు చీలుస్తోంది. నిరుడు వాళ్ళిద్దరూ కలిసే వచ్చారు.

తన కంటే పెద్దది కాబట్టి అరసేలీ ఆమెను "మనాంగ్" అని పిలిచి పలకరించింది. ఎందుకొచ్చిందో చెప్పింది. ఇసియాంగ్ నింపిన కాగితం సంచిలోంచి తీసి చూపించింది. అన్ని ప్రశ్నలకీ ఐదు మీదే సున్నా చుట్టి ఉంది.

"ఇన్ని ఐదులు వేశారు. మరి అమ్మాయిని ఎందుకు చేర్పించలేదు మనాంగ్?"

ఇసియాంగ్ కాగితం వంక, ఆమె వంక మార్చి మార్చి చూసింది. "మేడమ్, ఆ కాగితం ఇస్తేనే అన్నం పొట్లం ఇస్తామన్నారు. తెల్లారకుండా బయల్దేరాం. పిల్ల ఆకలికి నకనకలాడిపోతోంది. నేను చదివి వేశాననుకున్నావా? అందరూ ఐదే చుడుతున్నారు, నేనూ చుట్టేశాను."

అరసేలీకి నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. పొట్లాలకి ఆ లంకె పెట్టింది తనే. కాగితాలు ఎక్కువ చేతికి రావాలని.

"సరే. ఇప్పుడు అన్నం లేదు, ఏమీ లేదు. నిజం చెప్పండి."

"నిజం చెప్తే ఏడుస్తావు."

"ఏడవనులెండి."

ఇసియాంగ్ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "పొద్దున్నే హాల్లో కూలేశారు. ఒకాయన మాట్లాడాడు. ఆయన దిగితే ఇంకొకాయన. అందరూ ఇంగ్లీషే. పన్నెండున్నరకి అన్నం. రెండింటికి మా ఊరి ఆఖరి పడవ. ఇంక చూసేదెక్కడ? నాకు తెలియాల్సింది ఒక్కటే, ఆడపిల్ల రాత్రి ఎక్కడ పడుకుంటుంది? కోటు వేసుకున్న ఒకాయన్ని అడిగాను. అంతా వెబ్‌సైట్‌లో ఉందన్నాడు. ఇక్కడ ఫోన్ మోగాలంటేనే చర్చి మెట్లెక్కాలి."

జోవెలిన్ తల ఎత్తకుండానే, "ఇంజిన్ల గది చూద్దామంటే అమ్మ లాక్కొచ్చేసింది" అంది.

"పడవ పోతే నిన్ను భుజాన వేసుకుని ఈదనా?" అంది తల్లి.

మిగతా ఇళ్ళలోనూ అరసేలీకి ఎదురైంది ఇదే. తర్వాతి మూడు శనివారాలు ఇంకో రెండు దీవులు తిరిగింది. ఒక తండ్రి ఆమెను కూర్చోమని కూడా అనలేదు. ఇంకొక ఇంట్లో అమ్మాయికి అప్పటికే పెళ్ళయిపోయింది. చంకన బిడ్డను వేసుకుని గుమ్మంలోకొచ్చి, "ఈసారి మా చెల్లిని పంపిస్తాను, దానికైనా అన్నీ చూపించండి మేడమ్" అంది.

ఫిబ్రవరి మొదట్లో ఆమె కొత్త కార్యక్రమం రాసి డాక్టర్ ఎవరిస్తో బల్ల మీద పెట్టింది. ఉపన్యాసాలన్నీ కలిపి పది నిమిషాలు, అదీ దీవులవాళ్ళు మాట్లాడే వరాయ్ భాషలో. రేవు దగ్గర ఏ దీవి వాళ్ళని ఆ దీవి విద్యార్థులే కలుసుకుని వెంటబెట్టుకు రావాలి. ముందు హాస్టలు, తర్వాత వర్క్‌షాపులు, ఒంటిగంటలోపు భోజనం. భోజనానికి కాగితంతో సంబంధం లేదు.

ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. "పది నిమిషాలా? ప్రాంతీయ బోర్డు సభ్యుణ్ణి పిలిచాను. ఆయనొక్కడికే నలభై నిమిషాలు కావాలి."

"ఆయన పిల్లల్ని చేర్పించడానికి వస్తున్నారా సర్?"

"వేళాకోళమా?"

"కాదు సర్. ఆ నలభై నిమిషాలు హాస్టలుకి కావాలి. తల్లులు చూడాల్సింది అదే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మనిషి చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళ కిందట రేకుల షెడ్లో ఈ కాలేజీ మొదలైనప్పుడు ఇటుకలు మోసినవాడే. బోర్డు తలుచుకుంటే కాలేజీని జిల్లా కేంద్రంలోని పెద్దదాంట్లో కలిపేయగలదని ఆయన భయం. "ఆయనకి కోపమొస్తే?"

"నా పేరు చెప్పండి సర్."

"చెప్తాను. మొహమాటపడతాననుకోకు."

మార్చి మొదటి శుక్రవారం నాలుగు వందలకు పైగా జనం పడవలు దిగారు. రెండు గంటలు అంతా అనుకున్నట్టే నడిచింది. తల్లులు హాస్టల్లో పరుపులు ఎత్తి చూశారు, కుళాయిలు తిప్పి చూశారు. నెస్తోర్ ఒక పడవ ఇంజిన్ని విప్పి బల్ల మీద పరిచి, "మళ్ళీ బిగించినవాళ్ళకే భోజనం!" అని కేకేసి, "హాస్యానికన్నానమ్మా, పారిపోకండి" అని సర్దుకున్నాడు. జోవెలిన్ మోచేతుల దాకా నూనె పూసుకుని ఆ బల్ల వదల్లేదు.

పదకొండింటికి బోర్డు సభ్యుడి కారు వచ్చింది. డాక్టర్ ఎవరిస్తో చెమటలు కక్కుకుంటూ అరసేలీ దగ్గరికొచ్చారు. "గంట కొట్టించు. అందరూ హాల్లోకి రావాలి."

"సర్, ఇప్పుడు హాల్లో కూర్చోబెడితే మళ్ళీ లేచేది పడవలకే."

"నేను చెప్తున్నాను అరసేలీ."

ఆమె అక్కడి నుంచి కదల్లేదు. "గంట నేను కొట్టించను సర్. మీరు కొట్టిస్తే ఆపలేను. ఆయన్ని నాతో పంపండి, జనం ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్తాను."

ఆయన గంట వైపు రెండడుగులు వేశారు. కిటికీలోంచి వర్క్‌షాపు కనిపిస్తోంది. ఇంజిన్ చుట్టూ మూగిన జనాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయారు. చివరికి, "తీసుకెళ్ళు" అన్నారు.

బోర్డు సభ్యుడు తెల్ల చొక్కాకి నూనె అంటకుండా దూరంగా నిలబడి, నలుగురితో చేతులు కలిపి, భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. సంతోషంగా వెళ్ళినట్టు అనిపించలేదు.

మధ్యాహ్నం అరసేలీ జనంతో పాటే లిబుతాన్ పడవెక్కింది. మిగతా పడవల్లో విద్యార్థులు ఎక్కారు. మార్కులతో పాటు అడగాల్సినవి మూడు ప్రశ్నలు: ఏం చూశారు, ఏం చూడలేకపోయారు, దేనికి భయపడుతున్నారు. దీవికి గంట ప్రయాణం. మాట్లాడక జనానికి వేరే పని లేదు.

అరసేలీ రాయడం మొదలుపెట్టక ముందే ఇసియాంగ్ అందుకుంది. "హాస్టలు బాగుంది. ఆడపిల్లల స్నానాల గదులకి లోపలి గడియలే లేవు. మూడు తలుపులు తోసి చూశాను. నువ్వెప్పుడైనా చూశావా?"

అరసేలీ చూడలేదు. ఆరేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది.

"ఎంత వెయ్యమంటారు మనాంగ్?"

"రెండు. తినేటప్పుడు ఎవరూ కాగితం అడగలేదు కాబట్టి మూడు వేసుకో."

సగటు మూడు పాయింట్ ఒకటి వచ్చింది. సోమవారం మీటింగులో ఆ అంకె చూసి డాక్టర్ ఎవరిస్తో మొహం మాడిపోయింది. "ఇంత కష్టపడి ఇదా? దీన్ని బోర్డుకి పంపమంటావా?"

"పంపాలి సర్. నిరుటి అంకెతో మనకేం తెలిసింది? దీంట్లో గడియలున్నాయి. చేపల విభాగంలో ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాలేదని ఉంది. రేవు నుంచి ముసలివాళ్ళు నడవలేకపోయారని ఉంది. ఒక్కొక్కటీ బాగుచెయ్యొచ్చు."

"గడియలకి మంజూరు రావాలంటే ఆగస్టు దాటుతుంది."

"చేరికలు జూలైలో సర్."

నెస్తోర్ గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గర వెల్డింగ్ నేర్చుకునేవాళ్ళు ముప్పై మంది పాత ఇనుము కాల్చి పారేస్తున్నారు. వాళ్ళ చేత గడియలు చేయిస్తాను. పరీక్ష కింద పెడితే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారు."

రెండు వారాల్లో పద్దెనిమిది గడియలు తయారయ్యాయి. రెండు వంకరగా వస్తే అరసేలీ తిప్పి పంపించింది. అన్నీ బిగించాక ఒక్కొక్క గదిలోకి తనే వెళ్ళి, గడియ వేసుకుని, బయట నుంచి నెస్తోర్‌ని గట్టిగా తొయ్యమంది. ఆ తర్వాత తమ ఊరు పేరు చెప్పిన ప్రతి ఇంటికీ ఉత్తరం రాసింది: మీరు ఇవి చెప్పారు, మేం ఇవి చేశాం, ఇవి ఇంకా చెయ్యలేదు. చెయ్యనివి నాలుగున్నాయి. వాటిని కొట్టెయ్యమని డాక్టర్ ఎవరిస్తో అంటారేమోనని చూసింది. ఆయన రెండుసార్లు చదివి, వేటినీ కొట్టెయ్యకుండా కింద సంతకం పెట్టారు. బోర్డుకి వెళ్ళే నివేదికలో మూడు పాయింట్ ఒకటి అలాగే ఉంచారు.

జూలైలో యాభై మూడు మంది చేరారు. అరసేలీ ఎనభై అయినా అవుతారనుకుంది. తాళాలు పడ్డ రెండు గదుల్లో ఒకటి తెరుచుకుంది. బోర్డు నుంచి మెచ్చుకోలూ రాలేదు, కలిపేస్తామన్న కబురూ రాలేదు.

ఇసియాంగ్ కూతురితో చివరి రోజు వచ్చింది. దరఖాస్తు ముట్టుకోకముందే హాస్టలుకి వెళ్ళి అన్ని గడియలూ వేసి తీసి వచ్చింది. అప్పుడు కూర్చుని, "ఏ కోర్సు రాశావే?" అని కూతురి కాగితంలోకి తొంగి చూసింది. చేపల నిల్వ అని ఉంటుందనుకుంది. పడవ ఇంజిన్లు అని ఉంది.

"ఆడపిల్లవి, ఇంజిన్లేంటే?"

"మన పడవ నడిసముద్రంలో ఆగిపోయినప్పుడల్లా నువ్వు తిట్టేది ఆడపిల్లల్నా అమ్మా?"

ఇసియాంగ్ అరసేలీ వైపు తిరిగి, "ఇది నీ పనే కదా?" అంది.

"నాది కాదు మనాంగ్. ఆ గది చూపించాం, అంతే."

"ఆ తరగతిలో ఇంకా ఆడపిల్లలున్నారా?"

"లేరు. ఈమె మొదటిది."

ఇసియాంగ్ కూతురి చేతిలో కలం తీసుకుని, తల్లి సంతకం చోట తన పేరు నెమ్మదిగా, అక్షరం అక్షరం గట్టిగా అదిమి రాసింది. "దీన్ని ఎవడైనా ఏడిపిస్తే మాత్రం పడవ దొరక్కపోయినా వచ్చేస్తాను" అంది.

అరసేలీ ఆ దరఖాస్తు తీసుకుని, ముద్ర వేసి, నెస్తోర్‌తో ఆ మాటే చెప్పడానికి వర్క్‌షాపు వైపు నడిచింది.