సెలూన్ బొమ్మలో కుర్చీ

పిల్లల పుస్తకాల ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. మరదలు నాకంటే ముందే మెట్లెక్కేసి, పైన గోడకంటించిన నోటీసులు చదువుతూ నిలబడింది. నా మోకాలి సంగతి ఆమెకు తెలుసు. తొందరపెట్టకుండా ఆగడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అది.

"ఏముంది నోటీసులో?" అన్నాను పైకి చేరాక.

"ఏమో బావా, చదివితే కదా," అంది.

ఆమె నా భార్యకు చెల్లెలు. ఇన్నాళ్లూ నోటుపుస్తకాల అట్టలకు, బిస్కెట్ పెట్టెలకు బొమ్మలు వేసింది. వాటి మీద ఎవరి పేరూ ఉండదు. ఇప్పుడు మొదటిసారి ఒక పుస్తకం ఒప్పుకున్నారు. సెలూన్‌లో ఉండే ఒక పిల్లి కథ, బొమ్మలన్నీ ఆమెవే, అట్టమీద ఆమె పేరు ఉంటుంది. సంతకాలు కావలసిన వారంలో చిక్కొచ్చి పడింది.

ఆమె బొమ్మలు కాగితం మీద వేయదు. పలక లాంటి తెర మీద పెన్నుతో గీస్తుంది. దానిలోని సాఫ్ట్‌వేర్ కొన్నది నా భార్య. ఆవిడ ఫర్నిచర్ కంపెనీలో నమూనాలు గీసే ఉద్యోగం చేసేది. ఖాతా ఆవిడ పేరు మీద ఉండేది. పగలు అక్క, సాయంత్రం చెల్లెలు అదే పలక వాడుకునేవారు. ఆవిడ పోయాక ఖాతాలో పేరు మార్చాలని మా ఇద్దరికీ తోచలేదు. తోచినా చేతులు వచ్చేవి కావేమో. ఆ సాఫ్ట్‌వేర్ తను దాచే ప్రతి బొమ్మ వివరాల్లోనూ ఖాతాదారు పేరును చిత్రకారుడి పేరుగా రాసుకుంటుంది. మామూలుగా దాన్ని ఎవరూ తెరిచి చూడరు. ప్రచురణ సంస్థవాళ్లు చూశారు.

వాళ్ల లెక్క ప్రకారం ఆ బొమ్మలు నా భార్యవి. ఆవిడ లేదు కనుక నావి. బడిలో నేను మామిడిపండు గీస్తే వంకాయ అనుకున్నారు. అలాంటివాణ్ణి ఒక పుస్తకం నిండా బొమ్మలకు యజమానినయ్యాను.

ఎడిటర్ నడివయసు మనిషి. ఒక జత కళ్లద్దాలు ముక్కు మీద, ఇంకో జత నెత్తి మీద ఉన్నాయి. మేం కూర్చోగానే లేచి, నా కాగితాలు ఎగరకుండా ఫ్యాను అటు తిప్పింది. ఆ తరవాతే మాట మొదలుపెట్టింది.

"సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లకు దీంట్లో హక్కేమైనా ఉంటుందాండీ?" అని అడిగాను.

"ఎందుకుంటుందండీ? మీ చొక్కా నాదీ అని కుట్టుమిషను కంపెనీవాడు వస్తాడా? గీసినవాళ్లదే బొమ్మ అని వాళ్ల షరతుల్లోనే ఉంది. గీసింది ఎవరన్నదే మా బాధ. మా యజమానికి ఒక్కరి సంతకం కావాలి. ఇద్దరు ముగ్గురంటే ఆయనకు భయం. వెనక ఒక పుస్తకానికి కోర్టు చుట్టూ తిరిగాడు."

"గీసింది నేనే," అంది మరదలు.

"కాదనడం లేదమ్మా. సులువైన దారి చెప్తాను. బొమ్మలన్నీ మరదలికి ఇచ్చేస్తున్నానని సార్ ఒక సంతకం పెడతారు. ఇవాళే ఐపోతుంది."

నాకు బాగానే అనిపించింది. పెన్ను తీశాను.

"బావా, ఆ పెన్ను జేబులో పెట్టు."

పెట్టేశాను.

"నావి నాకు ఇస్తాడటండీ ఈయన? రేపు పండక్కి చీర పెట్టినట్టు? ఇచ్చాడంటే ముందు ఆయనవి అయినట్టేగా! అక్క వేసింది, బావ ఇచ్చాడు, నేను పుచ్చుకున్నాను. మరి నేను వేసిందెప్పుడు?"

"మాట కోసమేనమ్మా..."

"మాట కోసమే నేనూ వచ్చింది."

ఎడిటర్‌కు కోపం రాలేదు. నెత్తి మీది కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ నెత్తి మీదే పెట్టుకుంది. "అయితే మీరే వేశారని నాకు చూపించండి," అంది.

చూపించే వీలుంది. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి గీతనూ గీసిన వరసలోనే దాచి, సినిమాలా తిరిగి చూపిస్తుంది. మరదలు పలక తీసి బల్ల మీద పెట్టింది. ఎడిటర్ దాన్ని నాకూ కనపడేలా కాస్త జరిపింది.

తెల్లటి తెర మీద గీతలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. అద్దం, దువ్వెనలు, నీళ్లు చిమ్మే సీసా, పిల్లి చెవులు. చెయ్యి కనపడదు, గొంతులు వినపడవు. గొంతులు లేకపోవడం మంచిదే అనుకున్నాను.

"ఇది మీ చెయ్యే అని ఎలా?" అంది ఎడిటర్.

"నీడ గీతలు చూడండి," అంది మరదలు. "నాది ఎడమ చెయ్యి. నా గీతలన్నీ పైన ఎడమ నుంచి కింద కుడికి వాలతాయి. అక్కది కుడి చెయ్యి. ఆవిడవి కుడి నుంచి ఎడమకు వాలతాయి." ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి చూపించింది. ఎడిటర్ ఆ పెన్ను తీసుకుని కుడి చేత్తో తనూ గీసి చూసుకుంది. నిజమే, ఎదురు వాలాయి.

ఒక్కొక్క బొమ్మా నడిచింది. అన్నీ ఒకే వాలు. ఎడిటర్ తలాడిస్తూ పోయింది. మరదలు కుర్చీలో వెనక్కి వాలింది.

చివర్లో, సెలూన్ గుమ్మం దగ్గర వంతు కోసం కూర్చునే చెక్క కుర్చీ వచ్చింది. దాని మీద పిల్లి నిద్రపోతుంటుంది. ముందు నాలుగు కాళ్లూ కొలిచినట్టు నిలబడ్డాయి. తరవాత వీపు, తరవాత నీడ. నీడ గీతలు కుడి నుంచి ఎడమకు వాలాయి.

నేను చూశాను. ఎడిటర్ అప్పుడే వచ్చిన టీలు అందుకోవడానికి పక్కకు తిరిగింది. కిటికీ బయట ఎవరో ఒకాయన సైకిల్‌కు గాలి కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

"ఆపండి," అంది మరదలు. "ఈ కుర్చీ నాది కాదు."

ఎడిటర్ తిరిగి చూసింది.

"మర్చిపోయానండీ, ఒట్టు. నాకు కుర్చీలు రావు. కాళ్లు తలో దిక్కూ పోతాయి. అక్క చూసి, ఈ కుర్చీలో కూర్చుంటే పిల్లి నడుం విరుగుతుందే, లే అవతలికి అని లాక్కుని తనే వేసింది."

ఆవిడ అన్నది అచ్చం అలాగే అని ఉంటుంది. నన్ను కూడా చాలా పనుల దగ్గర నుంచి అలాగే లేపేది.

"పోనీలెండి, దీనికి బెంగెందుకు?" అంది ఎడిటర్. "కుర్చీ విడిగా వేరే పొరలో ఉంది, తీసినా మిగతా బొమ్మ చెదరదు. తీసేయండి. ఒక స్టూలు వేసుకోండి. బొమ్మలన్నీ మీవే అవుతాయి, పేరూ మీదే, ఈ వారమే అచ్చుకు పోతుంది. లేదంటే మళ్లీ యజమానిని అడగాలి. ఆయన సరేనంటాడని నేను చెప్పలేను."

మరదలు నా వైపు చూసింది.

"నన్ను చూడకు," అన్నాను. "పుస్తకం నీది."

ఆమె పెన్నుతో తెర మీద ఒకచోట తాకింది. కుర్చీ మాయమైంది. పిల్లి అదేమీ పట్టనట్టు గాల్లో ముడుచుకుని నిద్రపోతోంది. ఎడిటర్‌కు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. మరదలు నవ్వలేదు. కాసేపు ఆ ఖాళీని చూసి మళ్లీ తాకింది. కుర్చీ వచ్చింది.

"అడగండి మీ యజమానిని," అంది.

"పుస్తకం ఆగిపోతే?"

"బిస్కెట్ పెట్టెలు ఎక్కడికీ పోవులెండి." మాట తేలిగ్గానే అంది.

ఎడిటర్ ఫోను తీసుకుని బయటి వరండాలోకి వెళ్లింది. అద్దాల తలుపు అవతల ఆమె నడవడం, ఆగడం, చెయ్యి ఊపడం కనపడుతోంది. గాలి కొట్టుకున్న సైకిలాయన వెళ్లిపోయాడు. మరదలు తన టీ తాగేసి, చూసుకోకుండా నా టీ కూడా తాగేసింది.

ఎడిటర్ లోపలికి వచ్చి కూర్చుంది. "అరిచాడు. తరవాత సరేనన్నాడు. ఆ ఒక్క బొమ్మకూ ఇద్దరి పేర్లు. కుర్చీ వరకూ సార్ సంతకం పెట్టాలి, ఆవిడ వారసుడిగా. మిగతావన్నీ మీవే."

ఇప్పుడు పెన్ను తీయనా అన్నట్టు మరదలి వైపు చూశాను. తీయమంది.

ఎడిటర్ కంప్యూటర్లో కొత్త కాగితం తయారుచేసి, సరిచూసుకోమని తెర మా వైపు తిప్పింది. సెలూన్ బొమ్మ ఎదురుగా మరదలి పేరు, పక్కన నా భార్య పేరు ఉన్నాయి. ఆ పేరుకు ముందు చుక్కలతో రెండక్షరాలు పెట్టింది, పోయినవాళ్లకు పెట్టేవి. అలా పెట్టడం మర్యాదే. నేను తలాడించబోయాను.

"అది తీసేయండి," అంది మరదలు.

"అయ్యో, పద్ధతమ్మా అది."

"కుర్చీ వేసేటప్పుడు అక్క బతికే ఉంది కదండీ?"

ఎడిటర్ ఒక క్షణం ఆలోచించింది. ఆ రెండక్షరాలూ చెరిపేసి, ప్రింటు ఇచ్చింది. మూలనున్న యంత్రం గరగరమంటూ కాగితం లాక్కుంది. అది బయటికి వచ్చేదాకా పెన్ను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.