ఈశాన్యం మూల గొట్టం

సెల్లారు తలుపు తియ్యగానే కూర్మమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పుట్టిన కాణ్ణించి చేపల మధ్య పెరిగిన మనిషి. ఎండుచేప వాసనంటే ఆమెకి అన్నం వాసనతో సమానం. ఇది అది కాదు. ఛీ, ఏటీ కంపు! మోకాలి లోతు నీళ్ళల్లో నాలుగు ఎండు నెత్తళ్ళ చేపల గంపలు తేలుతున్నాయి. వేలు పెడితే చేప జారిపోతోంది. మొన్నటి వానకి తడిసిన గంపలోనైతే తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి.

మిగిలినవి బల్ల మీదున్న ఆరు గంపలు. నీళ్ళు ఎక్కి ఎక్కి బల్లకి ఇంక జానెడే తక్కువున్నాయి. ఇంకో వాన పడితే అవీ పోతాయి. ఏడాది కష్టమంతా పెంటకుప్పలోకే.

హుద్‌హుద్ తుపానుకి పాక ఎగిరిపోయాక నౌపడ దగ్గర మొగుడు అప్పలసూరి కట్టించిన స్లాబు ఇల్లిది. సరుకు కోసం కిందన సెల్లారు. మేస్త్రి దాలయ్య బుద్ధిగా స్లాబు వాలు పడమటికి పెట్టి, వాననీళ్ళ గొట్టం ఆ పక్కన పారే గెడ్డలోకి వదిలేడు. గృహప్రవేశం నాడు వాస్తు చూసే పెద్దమనిషొకడు వచ్చి నీళ్ళు ఈశాన్యం నుంచే పోవాలన్నాడు. అంతే! అప్పలసూరి ఆ గొట్టాన్ని గోడ చుట్టూ తిప్పించి ఈశాన్యంలో వదిలించేడు. సరిగ్గా సెల్లారు వెంటిలేటరు ముందు. చెప్పిన మహానుభావుడు మళ్ళీ వచ్చి ఒక్క బకెట్టు తోడేడా? రెండు వానాకాలాలుగా తోడుతున్నది కూర్మమ్మ.

అప్పలసూరి అరుగు మీద టీ తాగుతున్నాడు.

"మావా, ఆ గొట్టం కోసీ. మళ్ళీ మబ్బేస్తన్నాది."

"ఈశాన్యం నీరంటే లచ్చిమే. తిప్పితే ఇంటికి అరిష్టం. నీకేటి తెలుస్తాది?"

"కిందకి దిగి సూడు నీ లచ్చిమి మొకం!"

దిగలేదు. ఏనాడూ దిగలేదు. కంపు పడదట, చేపలమ్ముకుని బతికే మగాడికి! కూర్మమ్మకి పురుగుల కన్నా ఆ మాటే ఎక్కువ రోత పుట్టించింది.

చినుకు మొదలైంది. ఆమె పురుగుల గంప ఎత్తుకుని, నీళ్ళు కారుతుండగానే నట్టింట్లోంచి నడిచి, అతని మంచం మీద, పరుపు నడుమ బోర్లించింది.

"ఏటే ఇది! అయ్యబాబోయ్, పురుగులు!"

"ఈశాన్యం నీరు తాగిన సరుకు మావా. లచ్చిమి. పక్కనెట్టుకుని తొంగో."

అప్పలసూరి వాకిట్లోకి పరిగెట్టి గోడ పట్టుకుని కక్కుకున్నాడు. మూతి తుడుచుకుని, హాక్సా బ్లేడు తీసుకుని పడమటి మూలకి పోయేడు. గొట్టం తెగింది. స్లాబు నీళ్ళు దబదబా గెడ్డలోకి పడ్డాయి. వెంటిలేటరు ముందు ధార ఆగిపోయింది. ఆరు గంపలూ దక్కేయి.

"సూసేవా, అయిదు నిమిషాల్లో తేల్చీసేను," అన్నాడు గొప్పగా.

అయిదు నిమిషాలు! కూర్మమ్మ తన చేతులకేసి చూసుకుంది. రెండేళ్ళు తోడిన కుళ్ళు నీళ్ళ కంపు గోళ్ళ సందుల్లోనే ఉంది. రోత పుట్టింది, చేపల మీద కాదు, ఆ గొప్ప మీద.

బకెట్టు తెచ్చి అతని కాళ్ళ దగ్గర పడేసింది.

"కిందనున్నది నువ్వే తోడు. నాను ముట్టను."