నూటపది

ముప్పై ఎనిమిదేళ్లలో తన లెక్క ఒక్కటీ తప్పలేదని గొప్పలు చెప్పుకుంటూనే ల్యాబు బాబాయి స్లైడు మీది రంగు కడుగుతున్నాడు. వేళ్ల కొసలు ఊదారంగుకు తిరిగి ఏళ్లయింది, సబ్బుకు లొంగవు. ఈ సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది. రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం వచ్చాక ఆయన కంటికి పని తగ్గింది గానీ కోతలు తగ్గలేదు.

పదకొండింటికి యంత్రం ఒక కాగితం కక్కింది. పన్నెండేళ్ల పిల్ల, ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు, లక్షన్నరకు తగ్గకూడనివి. పోయిన వారం వైరల్ జ్వరం, ఈ వారం అపెండిక్సు వాపు. కోస్తే రక్తం ఆగదని సర్జనమ్మ వెనకాడింది. కోయకపోతే లోపల పగిలేలా ఉంది. జ్వరమే అన్నీ తినేసిందా అని పిల్ల తల్లి గడప దగ్గర నిలబడి అడిగింది.

"కొన్ని పోయుంటాయమ్మా. మా పెద్దక్క లాంటివి అవి, ఎక్కడేం జరిగినా పిలవకముందే వాలిపోతాయి. గాయమైతే ఒకదాన్నొకటి పట్టుకుని కన్నం మూస్తాయి. వైరస్ వస్తే దాన్నీ పట్టుకుని, తెల్లకణాల్ని కేకేస్తాయి. ఆ గోలలో వాపు కూడా పెరుగుతుంది," అన్నాడు బాబాయి.

తల్లి నవ్వలేదు. సూది గుచ్చినచోట కమిలిందా అని అడిగాడు. లేదంది, దూది పెట్టగానే రక్తం ఆగిందట. నిజంగా పద్దెనిమిది వేలే అయితే అంత తేలిగ్గా ఆగదు.

ఆయన ఎగతాళి మాని మైక్రోస్కోపు మీదికి వంగాడు. స్లైడు అంచున ప్లేట్‌లెట్లు ముద్దలుగా అతుక్కుని ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే మందు కొందరికి పడదు. అదే వాటిని ముద్ద చేస్తుంది. ముద్దను విడదీసి లెక్కపెట్టడం యంత్రానికి చేతకాదు.

వేరే మందున్న గొట్టంలో మళ్లీ రక్తం తీసి, కొత్త స్లైడు పూశాడు. సున్నా మీదున్న, గుప్పిట్లో ఇమిడే కౌంటరు తీసుకుని, కనపడ్డ ప్రతి చుక్కకీ ఒకసారి నొక్కాడు. పదిచోట్ల కలిపి నూటపది. చోటుకు పదకొండు, ఒక్కోటీ ఇరవై వేల కింద లెక్క, అంటే రెండు లక్షల పైమాటే.

"ఖాయమేనా బాబాయ్?" అంది సర్జనమ్మ.

"ఖాయమేనమ్మా. కొత్తలో ఇలాంటి ముద్దల్నే రంగు మరకలనుకుని, ఒకాయన ఆపరేషను రెండు రోజులు ఆపించాను. అప్పట్నుంచీ అంచు చూడందే లేవను. ఆయన మా బావమరిదే. ఇప్పటికీ తిడుతుంటాడు."

"మరి ఒక్కటీ తప్పలేదన్నావు?"

"ఇదొక్కటి తప్ప. ఇంకోటి కూడా ఉందిలే, తీరిగ్గా చెప్తా."

పిల్ల క్షేమంగా బయటికొచ్చిందని చెప్పడానికి సాయంత్రం తల్లి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కళ్లజోడు పెట్టె, టిఫిను డబ్బా తీసుకుని బాబాయి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ ఇంకోటేమిటో ఎవరికీ తెలియలేదు.

బావమరిదిని మాత్రం ఈ కథ రాస్తూ నేనే కల్పించాను, తిట్టడానికి ఒక మనిషి ఉండాలని. ఆపరేషను ఆగిన రెండు రోజులు నిజం. కౌంటరూ నిజమే. ప్రతి లెక్క కాగానే దాన్ని సున్నా చేసే మనిషి ఆ రోజు చేయలేదు. బల్లమీద, దాని చిన్న గాజు కింద, నూటపది అలాగే ఉంది.