ముందు పెట్టిన పేరు

పళ్లెంలో బియ్యం పోసి, పక్కన పసుపుకొమ్ము పెట్టి, అంబాబాయి గుమ్మంలోనే కాచుకోనుంది. నామకరణానికి తండ్రి ఉంగరంతో బియ్యంలో పేరు రాస్తాడు కదా, అట్లా మొగుడు చక్రపాణితో రాయించాలని ఆమె ఆశ. బిడ్డకు కాదు, కుండీలో ఉన్న జానెడు మొక్కకు! నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. కడుపుకోత వాళ్ళకేం తెలుసు?

ఆ మొక్కను ఆదోని కొండమీద బండల సందులో చూసింది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కృతి. ఎమ్మెస్సీలో మొక్కల చదువు. "నాన్నా, దీనికి ఇంకా ఎవరూ పేరే పెట్టలేదనుకుంటా!" అని గంతులేసింది. ఒక పిలకను తెచ్చి ఇంట్లో కుండీలో నాటింది. ఒక కొమ్మను కాగితాల మధ్య అణిచి ఆరబెట్టి, వాళ్ళ సారు దేవేంద్రప్పకిచ్చింది. ఆ వానాకాలంలోనే డెంగీ వచ్చి పిల్ల పోయింది. పాడు జ్వరం, దానికి ఇంకెవరూ దొరకలేదా! "కొత్త జాతని తేలితే కృతి పేరే పెడదాం," అన్నాడు సారు. అప్పట్నుంచి అంబాబాయి ఆ మాట పట్టుకునే బతుకుతాంది.

ఈరోజు సారు కబురు చేస్తే చక్రపాణి ఎమ్మిగనూరు పోయినాడు. సారు తల ఎత్తలేదు.

"కొత్తది కాదంట స్వామీ. నూరేండ్ల కిందటే ఎవరో తెల్లదొర దీనికి పేరు పెట్టి అచ్చేసినాడు. మా శాస్త్రంలో ముందు పెట్టిన పేరే చెల్లుతుంది."

ఈ మాట ఇంట్లో చెప్పకూడదని బస్సులోనే గట్టిగా అనుకున్నాడు చక్రపాణి.

"ఖాయమైందా?" అని గుమ్మంలోనే ఉంగరం చేతికిచ్చింది అంబాబాయి. ఆయన గబగబా బియ్యంలో 'కృతి' అని రాసేసినాడు. ఇన్నేండ్ల కాపురం చేసినామె కళ్ళు కప్పడం ఆయన తరమా?

"నిజం చెప్పండి."

చెప్పినాడు.

అంబాబాయి అరచేత్తో ఆ రెండక్షరాలూ మెల్లగా చెరిపేసింది.

"మొక్క పేరు నేను తప్పు చెప్తే పిల్ల ఊరుకునేదా? 'ముందు పెట్టిందే పేరమ్మా' అని వాదులాడేది. ఇప్పుడు తన పేరుతోనే అబద్ధమాడితే ఓర్చుకుంటుందా? ఆ దొర పెట్టిందే రాయండి."

చక్రపాణి ఏడుస్తానే, సారు చీటీలో రాసిచ్చిన, నోరు తిరగని ఆ పేరును కూడబలుక్కుంటా రాసినాడు. అంబాబాయి రెండుసార్లు నోట్లో అనుకోని నేర్చుకుంది. నామకరణంనాడు బిడ్డ చెవిలో చెప్పినట్టు కుండీ మీదికి వంగింది.

నోట "కృతీ" అనే వచ్చింది.