టైలరమ్మ వేసిన కుట్టు

నలభై ఏళ్లుగా వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన టైలరమ్మకు కుట్టు లేని బట్ట కనబడితే చెయ్యి ఊరుకోదు. అలాంటి మనిషికి మొగుడితో కలిసి హజ్ ప్రయాణం ఖాయమైంది. సంతోషం కాదని ఎవరన్నారు! కబురు తెలిసిన రోజు పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోయింది. కానీ అక్కడ మగవాళ్లు కట్టుకోవలసింది కుట్టు లేని రెండు తెల్ల బట్టలు. నడుముకొకటి, భుజాలకొకటి. ఆ నడుముదే ఆవిడ గుండెల మీద కుంపటైంది.

ఎందుకంటే ఆవిడ మొగుడు, ముప్పై ఏళ్లు బస్సు నడిపిన డ్రైవరు, రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి లేచాడు. నడుస్తాడు, ఆవిడ మీద కేకలు కూడా వేస్తాడు. ఎడమచెయ్యి మాత్రం చెప్పిన మాట వినదు. ఒంటిచేత్తో ముడి ఎక్కడ పడుతుంది? ఇంట్లో కట్టి చూస్తే నాలుగడుగులకే బట్ట జారింది.

"లక్షలమందిలో పరువు పోగొట్టుకోవాలా? నువ్వెళ్లు, నేను రాను," అని కూర్చున్నాడు.

"ముడి నేను వేస్తాగా!"

"ఆడవాళ్ల గది వేరు, మగవాళ్ల గది వేరట. ప్రతిసారీ గోడ దూకి వస్తావా?"

ఆవిడ మధ్యాహ్నం ఆయన కునుకు తియ్యగానే ఆ బట్ట రెండంచులూ కలిపి కుట్టేసి, పైన ఎలాస్టిక్ ఎక్కించి, లోపల ఒక జేబు కూడా పెట్టింది. జేబెందుకంటే, పెట్టకపోతే మనసు ఒప్పలేదు.

ఆదివారం హజ్‌కు వెళ్లేవాళ్లకు శిక్షణ. హాలు మధ్య నల్లబట్ట కప్పిన బీరువాను మక్కాలోని కాబా అనుకుని అందరూ ఏడుసార్లు చుట్టూ తిరగాలి. డ్రైవరు దర్జాగా తిరుగుతున్నాడు. మూడో చుట్టులో, నేర్పే హాజీగారు ఆయన్ని పక్కకు పిలిచి, నడుము వంక చూసి, టైలరమ్మ వైపు తిరిగారు.

"కుట్టు ముత్యాల్లా ఉందమ్మా. కానీ అక్కడ పనికిరాదు. రాజైనా కూలీ అయినా అక్కడ అవే రెండు బట్టలు."

"ఆయన చెయ్యి..."

"పక్కనున్నవాడికి చెయ్యి ఉంటుందిగా! బయలుదేరేలోపు నొప్పించినవాళ్లను క్షమించమని ఎలాగూ అడగాలి. ఆ నోటితోనే సాయమూ అడగమనండి."

ఆ పక్కనుండేవాడెవరంటే, వాళ్లతోపాటే హజ్‌కు వస్తూ అదే గదిలో ఉండబోయే టైలరమ్మ తమ్ముడు. బేకరీ నడుపుతాడు. బావ ఆసుపత్రిలో ఉండగా, "ఇంక స్టీరింగు మాట మరిచిపో బావా," అన్నాడు. అన్నది నిజమే. నిజమే కాబట్టే డ్రైవరు, "నా గడప తొక్కకు," అన్నాడు. రెండేళ్లుగా మాటల్లేవు.

ఇంటికొచ్చి ఆవిడ కుట్టు విప్పుతుంటే డ్రైవరు చూస్తూ కూర్చున్నాడు.

"కుట్టడానికి ఎంతసేపు పట్టింది?"

"పావుగంట."

"విప్పడానికి?"

"సాయంత్రమైనా అయ్యేలా లేదు. జేబు మరీ గట్టిగా కుట్టి చచ్చాను."

ఆయన నవ్వలేదు. జేబు ఊడేదాకా ఆగి, కర్ర అందుకుని, "ఆ బట్ట తీసుకుని పద," అన్నాడు.

బేకరీలో తమ్ముడు మోచేతులదాకా పిండిలో ఉన్నాడు. బావను చూసి పిసకడం ఆపాడు.

"నన్ను క్షమించరా. హజ్‌కు పోయేముందు అడగాలట."

"అడగాలట అని అడుగుతున్నావా? అడగాలనిపించి అడుగుతున్నావా?"

టైలరమ్మ గుమ్మానికి అడ్డంగా జరిగింది. ఇదే ముక్క మీద ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోగల మనిషి.

"రెండూ," అన్నాడు డ్రైవరు నేలచూపులు చూస్తూ. "అక్కడ... నాకు బట్ట కట్టాలి. నావల్ల కావడంలేదు."

తమ్ముడు గబగబా చేతులు కడుక్కుని, అక్క చేతిలోంచి బట్ట లాక్కుని, ప్యాంటు మీదే బావ నడుముకు చుట్టాడు.

"మెల్లిగారా, ఊపిరాడట్లేదు!"

"నోర్ముయ్ బావా. రెండేళ్లు పలకలేదు, ఇప్పుడు సలహాలా? నడువు!"

డ్రైవరు పిండి బల్ల చుట్టూ నడిచాడు. తమ్ముడు వెనకే. టైలరమ్మ వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. ఐదో చుట్టులో ముడి సడలింది. ఆవిడ చెయ్యి గభాలున ముందుకెళ్లి ఆగింది. డ్రైవరు "రాను" అంటాడనే అనుకుంది. ఆయన మాత్రం నిలబడి, బాగున్న చెయ్యి పైకెత్తి, "ఏరా, చూస్తావేం? మళ్లీ కట్టు," అన్నాడు.