నానమ్మ మెట్లకు రెయిలింగ్

పెరటి మెట్ల మీద జారిపడిన దగ్గర్నుంచి నానమ్మకు గడప దాటే అనుమతి లేదు. మెట్లు మూడే. పట్టుకోవడానికి పక్కన ఓ ఇనుప రెయిలింగ్ ఉంటే చాలు, తన పెరట్లోకి తాను దిగొచ్చు. వెల్డింగ్ మేస్త్రీని పిలుద్దామంది అమ్మ. అంతే, బాబాయికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"మేస్త్రీ దేనికి వదినా? వీడియోలన్నీ చూశాను. ఇనుముకి ఇనుము అతికించడమేగా!"

వెల్డింగ్ మెషిన్ కొనడానికి కొట్టుకు తోడుగా అన్న కూతుర్ని తీసుకెళ్లాడు. ఇంట్లో దాన్ని మూగనోము అంటారు. ఎదురు చెప్పదని బాబాయి ధీమా.

"మెట్ల రెయిలింగ్‌కి ఈ చిన్న మెషిన్ చాలు సార్. ఇంటి కరెంటు మీద నడుస్తుంది," అన్నాడు కొట్టతను.

"పెద్దది తియ్యవయ్యా! రేపు వంతెన కట్టాల్సొస్తే?"

వంతెన కట్టమని ఎవరూ రాలేదు. స్విచ్చి వేసినప్పుడల్లా ఇంట్లో ఫ్యాన్లు మాత్రం ఆగిపోయాయి. మూడో రోజుకు బాబాయి మళ్లీ కొట్టుకెళ్లి, తమ ఇంటి కరెంటుకు దమ్ము లేదని తేల్చి, చిన్నది మార్చుకొచ్చాడు. "ముందు తుక్కు ముక్కల మీద నేర్చుకోండి. అతికించి, పగలగొట్టి చూడండి," అని కొట్టతను చెప్పింది మూగనోము ఒక్కతే వింది.

ఇంట్లో బాబాయి వెల్డింగ్ రాడ్డు ఆనించడం, అది ఇనుముకు అతుక్కుపోవడం, మొండి గేదెను లాగినట్టు ఆయన లాగడం. పిల్ల మాత్రం రోజూ మధ్యాహ్నం పాత ముక్కల తుప్పు గీకి, మాస్కు పెట్టుకుని, అతికించి, సుత్తితో పగలగొట్టేది. రాడ్డు సరైన ఎత్తులో నడిస్తే, వేడి నూనెలో ఏదో వేగుతున్నట్టు చప్పుడొస్తుందని పదో రోజుకు చెవికి తెలిసింది.

ఈలోగా బాబాయి రెయిలింగ్ నిలబెట్టాడు. అతుకులు బొడిపెలు కట్టాయి. పరువు తక్కువని వాటిని గ్రైండర్‌తో నున్నగా అరగదీసి నల్లరంగు పూశాడు. అద్దంలా మెరిసింది. అతుకంతా గ్రైండర్ తినేసింది, మిగిలింది రంగే.

"రా అమ్మా, ధైర్యంగా పట్టుకో!"

నానమ్మ చెయ్యి చాపింది. పిల్ల గబుక్కున అడ్డొచ్చింది. సుత్తి తీసుకుని రెయిలింగ్ మీద ఒక్కటిచ్చింది. కమ్మీ ఊడి కిందపడింది.

"రెయిలింగ్‌ని సుత్తితో ఎవరైనా కొడతారటే?"

"సుత్తి సంగతి వదిలెయ్‌రా. నా బరువు ఆగుతుందా దానికి?" అంది నానమ్మ. "ఏమే, నువ్వు అతికించు."

సాయంత్రానికి పని పూర్తయింది. అతుకులు గొంగళిపురుగుల్లా ఉన్నాయి. నానమ్మ సుత్తి అడిగి తీసుకుని మరీ రెండు దెబ్బలు వేసింది. కమ్మీ ఖంగుమంది గానీ కదల్లేదు. అప్పుడు పట్టుకుని ఒకటి, రెండు, మూడు మెట్లూ దిగింది.

"చూశారా, నా ట్రైనింగ్!" అని బాబాయి గోడవతల పక్కింటాయనకు చెబుతున్నాడు.

నానమ్మ పెరట్లో నీళ్లు లేక వాడిపోయిన మొక్కలన్నీ కలియజూసి కేకేసింది. "ట్రైనింగ్ అయ్యాక బకెట్టుతో నీళ్లు పట్రారా, ఇంజినీరూ!"